ఇల్లు తాళం, మనుషులు దవాఖానలో

1949 నవంబరు, రెండో సోమవారం. సూర్యాపేట, దవాఖాన, మగవాళ్ళ వార్డు.

హాజరు: ఏడో మంచం మీద నేను. ఎనిమిదో మంచం మీద ఆత్మకూరు అవతలి గూడెం నుంచి వచ్చిన గొర్రెల కాపరి. అతని భార్య. మా అమ్మ. కంపౌండరు. గూడెం నుంచి పొద్దున్నే నడిచి వచ్చిన నలుగురు మనుషులు. వార్డులో ఇంకా పదిమంది రోగులున్నారు, జరిగినదాంతో వాళ్ళకు సంబంధం లేదు.

ఆనాటి డైరీ పుటలో ఇంతే ఉంది. మిగతాది ఖాళీ. నలభై ఏళ్ళకు పైగా రోజూ రాసినవాణ్ణి. అసలు సంగతి జరిగిన రోజునే రాయకుండా వదిలేసిన పుటలు నా డైరీల్లో మూడో నాలుగో ఉంటాయి. ఇది వాటిలో ఒకటి కనుక ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఇల్లు కోదాడలో, ఉద్యోగం మిర్యాలగూడ బడిలో, కాలు విరిగింది సూర్యాపేట తాలూకాలో. విరిగింది కూడా సర్కారు పని మీదే. నిజాం రాజ్యంలోకి యూనియన్ మిలిటరీ వచ్చిన మరుసటి సంవత్సరం అది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ, ఆడా మగా తేడా లేకుండా ఓటు ఉంటుందనీ, అందుకు ఇంటింటికీ తిరిగి పేర్లు రాయాలనీ ఉత్తర్వు వచ్చింది. పట్వారీలు చాలామంది గడబిడలకు భయపడి ఊళ్ళు వదిలి టౌన్లలో ఉంటున్నారు. అందుకని ఉర్దూ, తెలుగు రెండూ రాయగలిగిన బడిపంతుళ్ళను పక్క తాలూకాలకు కూడా పంపారు. నాకు ఆత్మకూరు వైపు ఊళ్ళు పడ్డాయి. పని ముగించి, లిస్టులు సూర్యాపేట తాలూకా కచేరీలో అప్పజెప్పి, సైకిల్ మీద మిర్యాలగూడకు పోతూ వాగు దిగుడులో పడ్డాను. తొడ ఎముక విరిగింది.

విరిగిన తొడకు అప్పట్లో చేసే వైద్యం ఒక్కటే. మంచానికి కాళ్ళ వైపు ఒక చెక్క చట్రం బిగించి, దాని మీదుగా తాడు వేసి, తాడు ఒక కొస నా కాలికి కట్టారు, రెండో కొసకు ఇసుక సంచి వేలాడదీశారు. ఆ బరువు రాత్రింబగళ్ళు కాలును గుంజుతూ ఉండాలి. కూర్చోవడానికి లేదు, పక్కకు ఒరగడానికి లేదు. పైన పదకొండు దూలాలు. ఎడమ పక్క కిటికీ, అందులో ఒక వేపకొమ్మ, ప్రహరీ గోడ ముక్క. కుడి పక్క ఎనిమిదో మంచం. నెలన్నర నా లోకం ఇదే.

ఎనిమిదో మంచం మనిషికి యాభై ఏళ్ళుంటాయి. గొర్రెల వెంట తిరుగుతుంటే పాదంలో తుమ్మముల్లు దిగి, లోపలే విరిగి, చీము ఎముకదాకా పోయింది. నులక మంచానికి బొంగులు కట్టి, గూడెం మనుషులు నలుగురు భుజాల మీద మోసుకొచ్చి దవాఖానలో పడేశారు. నేను వచ్చేసరికే అతను అక్కడ అయిదు నెలల పైనుంచి ఉన్నాడు. దవాఖానలో ఇనుప మంచం ఇచ్చారు కనుక ఆ నులక మంచం వరండాలో గోడకు ఆనించి ఉండేది.

రోగికి తిండి ఇంటివాళ్ళే వండిపెట్టుకోవాలి. అందుకని మొగుడు పడకేస్తే భార్య ఇంటికి తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకొని, దవాఖాన వరండాలో మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకునేది. ఎనిమిదో మంచం మనిషి భార్యా అట్లాగే ఉండేది. బిడ్డ పెళ్ళయి వెళ్ళిపోయింది, గొర్రెలు తమ్ముడి మందలో కలిపింది. పక్క వీధిలో పాడి ఉన్న ఇంట్లో పేడ ఎత్తి, వాళ్ళిచ్చిన చల్ల తెచ్చేది. మొగుడికి ఒక చెంబు, నాకు ఒక చెంబు. నా చెంబు సరిగ్గా నా కుడిచెయ్యి అందే చోట, మందుల బల్ల అంచున పెట్టేది.

"తాగు పంతులూ. సల్ల తాగితెనే బొక్క అతుకుతది. మీ కోదాడోళ్ళు కాఫీనీళ్ళు తాగి తాగి బొక్కలు గుల్లయినయి" అనేది.

మా అమ్మ ఊరుకునేది కాదు. "మా కాఫీ తాగే నీకు మొన్న తలనొప్పి తగ్గింది కదమ్మా!" అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఓటు సంగతి మొదట ఆ కాపరే అడిగాడు. నేను లిస్టు పని మీద తిరిగి పడ్డానని మాత్రం అతనికి తెలుసు. ఏ ఊళ్ళు తిరిగానో చెప్పలేదు, అతను అడగలేదు.

"ఓటంటే ఏంది పంతులూ? కాగితం పెట్టెల ఏసుడేనా?"

"అంతే. ఎవరు రాజ్యం చెయ్యాలో మనం కాగితం వేసి చెప్తాం."

"ఆ పెట్టె దవాఖాన కాడికి తెస్తరా మరి?"

"తేరు. పెట్టె దగ్గరికి మనమే పోవాలి."

"నడిసేటోళ్ళదే రాజ్యమన్నట్టు" అన్నాడు. దూరంగా మందులు కలుపుతున్న కంపౌండరు ఫక్కున నవ్వాడు.

ఆదివారం మధ్యాహ్నం కాపరి బావమరిది జొన్నల మూట పట్టుకొని వచ్చాడు. మూట దించకముందే మొదలుపెట్టాడు.

"బావా, ఓట్ల లిస్టు చావడి గోడకు అతికించిన్రు. అందరి పేర్లున్నయి. నీది లేదు, అక్కది లేదు."

"లేకుంటే లేకపాయె. ఇప్పుడు పెట్టె కాడికి నడుస్తనా నేను?"

"అది గాదు బావా. మీ ఇంటి ముంగట ఏమో రాసున్నది. మిలిట్రీ కాంపు జమేదారు సదివిచ్చుకున్నడు. 'ఇల్లు తాళం. పోయిన దిక్కు తెలియదు' అని ఉన్నదట. నన్ను పిలిచి అడిగిండు, మీ బావ ఏ అడివిల ఉన్నడు అని. దవాఖానల ఉన్నడయ్యా, కాలు కుళ్ళిందయ్యా అంటె, మరి సర్కారు కాగితం అబద్ధం చెప్తదా అన్నడు. లిస్టుల పేరు ఎక్కించుకొని చూపిస్తె సరి, లేకుంటే ఊళ్ళకు అడుగు పెట్టినప్పుడు మాట్లాడుకుందాం అన్నడు."

ఆ రోజుల్లో ఇల్లు వదిలి అడవికి పోవడమంటే కమ్యూనిస్టు దళంలో కలవడమని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. కాంపులో 'మాట్లాడుకోవడం' అంటే ఏమిటో కూడా తెలుసు. కాపరి భార్య లేచి నిలబడి, "ఏ బాడుకావ్ రాసిండో వాని చెయ్యి పడిపోను" అంది.

నేను దూలాలు లెక్కపెట్టసాగాను.

ఆ చెయ్యి నాదే. వాళ్ళు వరండాలోకి పోయాక దిండు కింది నుంచి డైరీ తీసి చూశాను. గూడెం పేరు, తారీఖు, కిందనే: 'చివరి ఇల్లు తాళం. గొర్రెల దొడ్డి ఖాళీ. ఇరుగుపొరుగును అడిగితే తెలియదన్నారు.' ఓటర్ల లిస్టులో పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు రాస్తే చాలు. చివరన ఒక గడి ఉండేది, కైఫియత్ అనేవాళ్ళు, విశేషాలు ఏమైనా ఉంటే రాయడానికి. నాతో వచ్చిన పంతుళ్ళంతా దాన్ని ఖాళీగా వదిలేశారు. ఖాళీ గడి చూస్తే నాకు ఊపిరాడదు. నేను ప్రతి ఇంటికీ ఏదో ఒకటి రాశాను. నకలు రాసిన గుమాస్తా దాన్ని కూడా అక్షరం పొల్లుపోకుండా ఎక్కించినట్టున్నాడు.

సాయంత్రం అమ్మ గంజి పట్టిస్తుంటే మెల్లగా చెప్పాను. అమ్మ గిన్నె పక్కన పెట్టింది.

"చెప్పెయ్యి నాయనా. నెలన్నర నుంచీ ఆవిడ చేతి మజ్జిగ తాగుతున్నావు."

"చెప్తే ఉద్యోగం ఉండదేమో అమ్మా. తప్పు రాశానని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది."

"అయితే రేపటి నుంచి ఆ మజ్జిగ తాగకు" అని గిన్నె తీసుకొని వెళ్ళిపోయింది.

లిస్టులో పేరు లేనివాళ్ళు అర్జీ పెట్టుకోవడానికి సోమవారమే చివరి రోజు. అర్జీదారు స్వయంగా కచేరీకి వచ్చి అర్జీలు విచారించే గిర్దావరు ముందు నిలబడాలని షరతు. ఇది విని కాపరి, "నిలబడేటోన్నయితె ఈడెందుకు పండుకుంటి?" అన్నాడు. దవాఖాన షరతు ఇంకొకటి ఉంది. పొద్దున, సందెవేళ గంట కొట్టి కంపౌండరు మంచాల లెక్క తీసేవాడు. లెక్కలో లేని రోగి పేరు కొట్టేసి, వరండాలో నేల మీద పడుకొని ఎదురుచూస్తున్న వాళ్ళలో ఒకరికి ఆ మంచం ఇచ్చేవాళ్ళు. మంచం పోతే కాలు పోతుంది. మంచం మీద ఉంటే పేరు పోతుంది. ఎటు జరిగినా గోడే.

సోమవారం పొద్దున లెక్క అయిన తర్వాత కంపౌండరు ఎనిమిదో మంచం దగ్గర ఆగి, దుప్పటి సర్దుతున్నట్టు వంగి అన్నాడు: "పొద్దుగాల గంటకు నువ్వున్నవ్, నేను సూసిన. సందె గంటకు గూడ నువ్వుండాలె. నడుమ నాకు సీసాలు కడిగే పని శానా ఉన్నది. తల ఎత్త."

అప్పటికే బావమరిది, మరి ముగ్గురు వచ్చి వరండాలో నులక మంచానికి బొంగులు కడుతున్నారు. ఏడు నెలల కింద కాపరిని మోసుకొచ్చిన నలుగురూ వాళ్ళే. మనిషిని ఎత్తడానికి లోపలికి వచ్చారు. వాళ్ళలో గొంగడి భుజాన వేసుకున్న పెద్దమనిషి, కాపరికి పాలివాడు, నన్ను చూసి ఆగిపోయాడు. అతని ముఖం నేను మరిచిపోలేదు. ఆ గూడెంలో చివరి ఇంటికి ముందు ఇల్లు అతనిదే. గోడవైపు తిరుగుదామనుకున్నాను. కాలికి కట్టిన తాడు తిరగనివ్వలేదు. ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటే మరీ సిగ్గుచేటు.

"నువ్వే గద సారూ మా గూడెం వచ్చింది, సైకిల్ మీద? లిస్టు రాయనీకి?"

నలుగురూ నావైపు చూశారు. కాపరి కూడా.

"నేనే" అన్నాను. "తాళం అని రాసిందీ, పోయిన దిక్కు తెలియదని రాసిందీ నేనే."

కాపరి భార్య నా మంచం దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"నిన్నటి సంది ఎరుకేనా నీకు?"

"ఎరుకే."

"నిన్న మాపటేళ సల్ల తాగినవ్."

"తాగాను అక్కా."

ఆమె గిర్రున తిరిగి ఆ నలుగురి మీద పడింది.

"ఈయన అడిగినప్పుడు మీరేం చెప్పిన్రు? తెల్వదంటిరా? మోసిన భుజాలు మీయి గాదా? నా మొగణ్ణి ఈడ పండుకోబెట్టి పోయిన చేతులు మీయి గాదా?"

గొంగడి మనిషి తల గోక్కున్నాడు. "ఏం మాట్లాడుతవ్ వదినె! కాగితం పట్టుకొచ్చినోనికి ఫలానోడు ఫలాన తాన ఉన్నడని ఎవ్వడన్న చెప్తడా? మొన్నటిదాంక కాగితం పట్టుకొచ్చినోడల్ల లెవీ గింజలకు వస్తుండె, లేకుంటే మనిషిని పట్టుకపోనీకి వస్తుండె. నీ మొగని మంచికే తెల్వదంటి."

"నా మంచికే!" అన్నాడు కాపరి, నిన్నటి నుంచి మొదటిసారి నవ్వుతూ. "మీ మంచితనంల పడి కాంపుల తన్నులు తింటుంటి."

గొంగడి మనిషి చెప్పింది నిజం. ఆ సంవత్సరాల్లో ఒక మనిషి ఎక్కడున్నాడో కాగితం చేతపట్టిన వాడికి చెప్పకపోవడమే ఇరుగుపొరుగు ధర్మం. గూడెంలో నేను అడిగినవాళ్ళంతా ఆ ధర్మమే పాటించారు. నేను వాళ్ళ 'తెల్వదు'ను నమ్మి, శుభ్రమైన దస్తూరీతో గడి నింపాను. కోదాడలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు మాత్రం ఆ సంగతి తెలియదా? తెలుసు. అయినా గడి ఖాళీగా వదలలేకపోయాను.

అమ్మ అడక్కుండానే కలం, సిరాబుడ్డి తెచ్చింది. నా ఛాతీ మీద అట్ట పెట్టి పట్టుకుంది. వెల్లకిలా పడుకొని రాస్తే సిరా వెనక్కి జారుతుంది, రెండు మాటలకోసారి కలం ముంచాలి. ఉర్దూలో, కింద తెలుగులో రాశాను: ఫలానా గూడెంలో చివరి ఇంటికి కైఫియత్ గడిలో ఉన్న మాట నేను రాసినది. సరిగా విచారించకుండా రాశాను. ఆ ఇంటివారు ఏడు నెలలుగా సూర్యాపేట దవాఖానలో ఉన్నారు, నా పక్క మంచమే. సంతకం, హోదా, తారీఖు.

"తల ముంగటికి పెట్టి మోయండ్రి" అని కంపౌండరు సీసాల మధ్య నుంచే అరిచాడు. "కాళ్ళు ముంగటికి పెడితె బజార్ల వాళ్ళు దండలు తెస్తరు."

మంచం గుమ్మం దాటింది. తర్వాత ఏం జరిగిందో చూసే భాగ్యం నాకు లేదు. కిటికీలో వేపకొమ్మ ఉంది, గోడ ముక్క ఉంది. నలుగురి అడుగుల చప్పుడు గోడ వెంట కొంతదూరం వినిపించింది.

మధ్యాహ్నానికి వరండాలో ఎదురుచూస్తున్న ఒక రోగి తాలూకు ముసలాయన లోపలికి తొంగిచూసి, ఎనిమిదో మంచం ఖాళీగా ఉందని గమనించి, తన మూట తెచ్చి దాని కింద పెట్టాడు. తప్పేమీ లేదు. అతని కొడుకు పది రోజులుగా నేల మీద ఉన్నాడు. ఆ మంచం మనిషి వస్తాడని అమ్మ చెప్పింది. "రానియ్యి తల్లీ, వస్తె నా మూట నేను తీసుకుంట" అన్నాడు. మూట మాత్రం అక్కడే ఉంచాడు. దాన్ని చూస్తూ నేను పొద్దు గడిపాను. లేచి వెళ్ళగలిగితే కచేరీకి నేనే వెళ్ళేవాణ్ణి అని పదిసార్లు అనుకున్నాను. వెళ్ళగలిగేవాణ్ణయితే అసలు నిజం చెప్పేవాణ్ణా అని పదకొండోసారి అనుకున్నాను.

సందె గంట కొట్టారు. వాళ్ళు రాలేదు.

కంపౌండరు హాజరు దఫ్తరు పట్టుకొని ఒకటో మంచం దగ్గర మొదలుపెట్టాడు. రెండు. మూడు. మూడో మంచం దగ్గర కలం విరిగిందన్నాడు, ఇంకో కలం కోసం పోయాడు. వచ్చి, ఎక్కడి దాకా రాశానో మరిచానని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ముసలాయన మూట చంకన పెట్టుకొని మంచం పక్కనే నిలబడ్డాడు. ఆరు. ఏడు, అంటే నేను. నా పేరు ముందు గీత గీసి, నన్ను అడగని ప్రశ్న లేదు: నిద్ర పడుతుందా, కడుపు ఉబ్బరమా, నాలిక చూపించు.

అప్పుడు గోడ వెంట అడుగులు వినిపించాయి. కాపరి భార్య ముందు పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ, "ఉన్నడు! ఉన్నడు! రాస్కో!" అంది. వెనక మంచం గుమ్మం దాటింది, ఈసారీ తలే ముందుకు.

"ఎనిమిది, హాజరు" అన్నాడు కంపౌండరు. ముసలాయన మూట తీసుకొని వరండాలోకి వెళ్ళిపోయాడు. అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కచేరీలో జరిగింది బావమరిది చెప్పాడు. పొద్దంతా చెట్టు కింద మంచం దించుకొని కూర్చున్నారు. పిలుపు వచ్చేసరికి గిర్దావరు అర్జీ చూసి, ఏడు నెలలుగా ఊళ్ళో లేనివాడు ఊరివాడు ఎట్లా అవుతాడు అన్నాడట. అప్పుడు కాపరి భార్య రొంటి నుంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"ఊరు నాది గాకుంటె ఈ చెవి నా నడుముకు ఎందుకుంటది దొరా? పోయేటోళ్ళు తాళమేస్తరా? మళ్ళొచ్చేటోళ్ళేస్తరు."

గిర్దావరు నా కాగితం రెండుసార్లు చదివాడట. చివరికి, రేపు పొద్దున గుమాస్తాను దవాఖానకు పంపిస్తాను, మనిషి ఆ మంచం మీద, ఆ దఫ్తరులో ఉంటే పేరెక్కుతుంది, లేకుంటే లేదు అన్నాడు.

మంగళవారం పొద్దున గంట కొట్టిన కాసేపటికి గుమాస్తా వచ్చాడు. సన్నగా, జలుబుతో ఉన్నాడు. మంచం చూశాడు, పాదం చూసి ముఖం తిప్పుకున్నాడు, ఏడు నెలల దఫ్తరు పుటలు తిరగేశాడు. కాపరి పేరు రాశాడు. తర్వాత ఆమెను అడిగాడు. ఫలానావాని భార్య అని రాస్తే సరిపోదు, పేరు కావాలి అన్నాడు. ఆమె ఒక్క క్షణం మొగుడి వైపు చూసి, తన పేరు గట్టిగా చెప్పింది. నెలన్నరగా పక్కనున్నా నేను ఆ పేరు అప్పుడే మొదటిసారి విన్నాను. ఇక్కడ రాయను, ఎన్ని గడులు ఖాళీ ఉన్నా సరే.

"కైఫియత్‌లో ఏం రాయమంటారు?" అన్నాడు గుమాస్తా, మంచాలన్నిటినీ ఉద్దేశించి.

"ఏం రాయకు" అన్నాడు కాపరి. "గీత కొట్టి పో."

గుమాస్తా గీత కొట్టాడు. పోబోతూ నా వైపు తిరిగి, "మీ మీద ఇంకా ఏమీ అనుకోలేదు, కాగితం పైకి పోయింది" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మీ పేరు ఏ లిస్టులో ఉంది పంతులుగారూ?" అన్నాడు. ఆలోచించాను. కోదాడలో నేను మిర్యాలగూడలో ఉంటానని రాయించి ఉంటారు. మిర్యాలగూడలో నా కిరాయి గది తాళం వేసి ఉంది. సూర్యాపేటలో నేను రాసేవాణ్ణే తప్ప రాయబడేవాణ్ణి కాను. "గడువు నిన్నటితో అయిపాయె" అని గుమాస్తా జాలిగా చీది, వెళ్ళిపోయాడు.

"నా మంచం ఉన్నది, తీస్కపో పంతులూ" అన్నాడు కాపరి. "మిర్యాలగూడెం దాంక మోసేటోళ్ళనే దేవులాడుకోవాలె." నవ్వాను. ఇసుక సంచి కొంచెం ఊగింది, కాలు సలిపింది.

అప్పుడే అతని భార్య చల్ల తెచ్చింది. మొగుడికి ఒక చెంబు ఇచ్చింది. రెండో చెంబు తెస్తుందో తేదో అని నేను చూడనట్టు చూశాను. తెచ్చింది. మందుల బల్ల దాటి, నా మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడమ పక్క కిటికీలో పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. చెయ్యి చాపి చూశాను. ఇంకా జానెడు దూరం మిగిలింది. అమ్మ బావి దగ్గర స్నానం చేసి తిరిగి వచ్చేదాకా ఆ చెంబు అక్కడే ఉంది.